పెరటి కప్పకు కబళము



పెంపుడు ప్రాణి యనగానే మనకు ఆవు, మేక, కుక్క, చిలుక జ్ఞప్తికి వచ్చును. ఐరోపా, అమెరికా ఖండములలో కొందరు వీటితోపాటు సలమాండరు అను ప్రాణిని గూడ పెంచుదురు. చూపునకు అది బల్లివలె నుండును. కాని బల్లికి గల పొలుసులు దీనికి లేవు. చర్మము మెత్తగా, తడిగా నుండును. దీనికిని కప్పకును దగ్గరి చుట్టరికము. కప్పపిల్లకు ఎదిగినకొలది తోక మాయమగును. సలమాండరునకు తోక జీవితాంతము నిలుచును. అక్కడి వారు పెరటిలో నీడపట్టున చిన్న ఆవరణ కట్టి, అందు ఎండుటాకులు, నాచు పరచి, మునిమాపువేళ వానపాములను, కీచురాళ్లను ఆహారముగా నిత్తురు.

మన దేశమున సలమాండర్లు తూర్పు హిమాలయములందును, ఈశాన్యపు కొండలందును మాత్రమే కలవు. డార్జిలింగు ప్రాంతపు చల్లని కొండకుంటలలో బ్రతుకు ఆ ప్రాణిని అనంతపురపు ఎండకు తెచ్చి పెంచబూనుట దానిని చంపుటయే. అది చట్టము కాపాడు వన్యప్రాణి గనుక నేరము గూడ నగును. కాని దాని చుట్టము మాత్రము ఎవరును తేకయే మన ఇండ్ల వెనుక కాపురమున్నది. బట్టలుతుకు బండ క్రింద, జలదారి ప్రక్క, నీళ్లతొట్టి నీడలో పగలెల్ల ముడుచుకొని యుండి, దీపాలవేళ మెల్లగా వెలికి వచ్చు ఆ గరుకు వీపు ప్రాణిని మీరందరు చూచియే యుందురు. అదే కప్ప. వీపుమీద బుడిపెలు గల ఈ రకమును గోదురుకప్ప యందురు. దీనిని పట్టి బంధింపకుండ, పెరటిలోనే నిలుపుకొని, ఆహారము సమకూర్చుట యెట్లు అనునదే నేటి మా ప్రసంగము.

"మనుష్యులకే నీరు లేని సీమలో కప్పకు విందా?" యని కొందరు నవ్వవచ్చును. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. అనంతపురపు పీఠభూమికి ఏడాదికి లభించు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలము తగ్గును. ఆ కొలది వానయు సకాలమున పడునన్న నమ్మకము లేదు. బిందెలు వరుసలో పెట్టి నీటికై కాచుకొన్న అనుభవము ఈ సీమలో అనేక కుటుంబములకు కలదు. కావున కప్పకొరకు ఒక్క చెంబెడు మంచినీరైనను వృథా చేయుడని మేము చెప్పము. ఒకమారు వాడిన నీటిని ఎక్కడ పోయవలెను అను విషయము మాత్రమే చెప్పుదుము.

ఈ ఎర్రనేలలో కప్ప యెట్లు బ్రతుకుచున్నదో ముందు గ్రహింపవలెను. కప్ప నోటితో నీరు త్రాగదు. పొట్ట అడుగునను తొడల నడుమను గల పలుచని చర్మము ద్వారా చెమ్మను లోనికి పీల్చుకొనును. తడిసిన మట్టిపై చతికిలబడి కూర్చున్న కప్ప విశ్రమించుటయే గాక దాహము తీర్చుకొనుచున్నదని యెరుగవలెను. ఆ చర్మమే పొడి గాలికి త్వరగా చెమ్మను కోలుపోవును. అందుచే ఎండకాలమున గోదురుకప్ప రాళ్లక్రిందను, గోడల పగుళ్లలోను దాగును. మరికొన్ని జాతుల కప్పలకు వెనుకకాలి అడుగున చిన్న పారవంటి గట్టి బుడిపె కలదు. దానితో మట్టిని త్రవ్వుచు అవి వెనుకకు వెనుకకే భూమిలోనికి దిగి, నెలల తరబడి అన్నపానములు లేక నిదురించును. తొలకరి చినుకు నేలలోనికి ఇంకినపుడు మేలుకొని పైకి వచ్చును. నిన్నటివరకు నిర్జీవముగా నున్న కుంటగట్టు ఒక్క రాత్రిలో బెకబెకలతో మారుమ్రోగుట ఇందువలననే.

మన పూర్వులు దీనిని శ్రద్ధగా గమనించినారు. ఋగ్వేదము ఏడవ మండలమున కప్పలను గూర్చి యొక సూక్తమే కలదు. ఏడాది పొడవున మౌనవ్రతము పట్టి, వానతో గొంతు విప్పు వ్రతస్థులతో అందు కప్పలను పోల్చినారు. మన తెలుగు పల్లెలలో వాన రాని యేట కప్పతల్లిని ఆడించు ఆచారము కలదు. రోకలికి గుడ్డ చుట్టి, వేపమండలు కట్టి, అందు కప్పను కట్టి పిల్లలు ఇంటింటికి తిరుగుదురు. ఇల్లాలు బిందెతో నీరు తెచ్చి కప్పపై పోయును. చేటతో గింజలు తెచ్చి పిల్లలకు పెట్టును. వానను పిలువుమని మనము కప్పను వేడుకొన్న నేల ఇది. వేడుకొనుట యట్లుండనిండు, అది మన పెరటిలో బ్రతుకుటకు మనమేమి చేయుచున్నామో విచారింపవలెను. జలదారికి సిమెంటు పూసినాము. పెరటికి బండలు పరచినాము. ఎండుటాకులను ఊడ్చి తగులబెట్టుచున్నాము. మిగిలిన మూలలో పురుగుల మందు చల్లుచున్నాము. కప్ప వానను పిలువవలెనన్నను, ముందు దానికి నిలువ నీడ కావలెను గదా!

ఇక ఆహార విషయము. జాలిగల పిల్లలు కప్పముందు అన్నపు మెతుకులు, రొట్టెముక్కలు, పాలు పెట్టుట మేము చూచియున్నాము. రాగిసంగటి ముద్దను నేతితో పెట్టినను కప్ప ముట్టదు. పిల్లలు దానికి ఆకలి లేదనుకొందురు. నిజమేమనగా, కదలని వస్తువు కప్ప కంటికి ఆహారముగా తోచదు. చచ్చిన ఈగలను దాని చుట్టును కుప్పగా పోసినను వాటి నడుమ పస్తుండును. బ్రతికిన చీమ యొకటి ఆవల ప్రాకెనా, తల త్రిప్పి, రెప్పపాటులో నాలుక చాచును. ఆ నాలుక మన నాలుకవలె వెనుక నతుకుకొని యుండక, క్రింది దవుడకు ముందు భాగమున అతుకుకొని యుండును. కావున వడిసెలవలె బయటకు విసరబడి, జిగురుతో పురుగును అంటించుకొని వచ్చును. గోదురుకప్పకు పండ్లు లేవు, నమలుట యెరుగదు. మ్రింగునపుడు రెండు కన్నులను మూసి లోనికి అదుముకొనును. ఆ కనుగ్రుడ్ల ఒత్తిడియే కబళమును గొంతులోనికి త్రోయుటకు తోడ్పడును. ఈసారి కప్ప తినుచుండగా చూడుడు. కన్నులు మూసి మ్రింగుట కనబడును.

దీని భోజనపు పట్టిక చాల పెద్దది. చీమలు, చెదలు, ఉసిళ్లు, పేడపురుగులు, బొద్దింకలు, కీచురాళ్లు, రెక్కల పురుగులు, మెత్తని గొంగళ్లు, వానపాములు — నోట పట్టునంతటి జీవి యేదైనను దానికి సమ్మతమే. పాత చర్మము విడిచినపుడు దానిని గూడ తానే మ్రింగును. సలమాండరు భోజనమును ఇంచుమించు ఇట్టిదే. ఆవరణములో బంధింపబడిన సలమాండరునకు యజమాని వారమునకు రెండు మూడు మారులు పురుగులను తెచ్చి వేయవలెను. ఎక్కువైనచో అది లావెక్కి రోగపడును, తక్కువైనచో చిక్కిపోవును. స్వేచ్ఛగా తిరుగు పెరటి కప్పకు ఈ లెక్క అక్కరలేదు. కావలసినంత అదియే తినును. కావున ఆహారము పెట్టుట యనగా పురుగును పట్టి నోటికందించుట గాదు. పురుగులు తామే వచ్చు చోటు నొకదానిని ఏర్పరచి, కాపాడుట. ఇదియే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము.

అట్టి చోటును కల్పించుటకు ధనము అక్కరలేదు. పెరటిలో వేపచెట్టో కరివేపచెట్టో ఉన్నచో దాని నీడలో, గోడవారగా, రెండు మూడు మూరల నేలను విడిచిపెట్టుడు. అచ్చటి మట్టిని పలుగుతో కొంచెము గుల్ల చేయుడు. ఊడ్చిన ఆకులను కాల్చక అందు జానెడు మందమున పోయుడు. ఓటికుండ పెంకులను రెండింటిని, లోన చేయి దూరునంత సందు విడిచి బోర్లించుడు. అవియే కప్పకు ఇల్లు. ఒక మట్టి మూకుడును నేలమట్టముగా పాతి, అందు రెండు అంగుళములకు మించకుండ నీరుంచి, ఎక్కి దిగుటకు ఒక గరుకురాయి వేయుడు. చుట్టును నాలుగు రాళ్లు అమర్చినచో కోళ్లు కెలకకుండ నుండును. కాని ఆ రాళ్ల నడుమ కప్ప వచ్చి పోవుటకు త్రోవలు విడువవలెను. కప్ప తనంత తాను వచ్చినచో చుట్టము. పట్టి మూసిపెట్టినచో ఖైదీ. ఇంకొక చోటినుండి కప్పలను పట్టి తెచ్చి ఇందు విడువరాదు. చెమ్మయు నీడయు నుండినచో అవియే వచ్చును.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. వన్యప్రాణులను ముచ్చటకై పట్టి పెంచు అలవాటు మన ప్రాంతమున నక్షత్ర తాబేలునకు గొప్ప కీడు చేసినది. వీపుపై నక్షత్రపు గీతలుగల ఆ తాబేలును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. దానిని ఇంట నుంచుకొనుట నేరము. అదృష్టము తెచ్చునను మాట నమ్మి, దానిని తొట్టిలో నుంచి అన్నము పెట్టు ఇండ్లు ఇప్పటికిని లేకపోలేదు. కప్ప విషయమున గూడ పద్ధతి యొకటే: తలుపు లేని ఆతిథ్యము.

ఇక నీరు. బియ్యము కడిగిన నీరు పశువుల కుడితికి పోగా మిగిలినచో, కూరగాయలు కడిగిన నీరు, రాత్రి బిందె అడుగున మిగిలిన నీరు, వీటిని సాయంకాలము ఆ ఆకులపై చల్లుడు. దినమునకు ఒకటి రెండు చెంబులు చాలును. సబ్బు కలిసిన నీరు, అంట్లు తోమిన పొడి కలిసిన నీరు, ఫినాయిలు, బ్లీచింగు పొడి కలిసిన నీరు ఆ మూలకు పోరాదు. కప్ప చర్మమే దాని నోరని చెప్పియున్నాము. చర్మమునకు తగిలినదెల్ల లోనికి పోవును. ఉప్పు గూడ అట్టిదే. ఇంటిలోనికి వచ్చిన కప్పపై ఉప్పు చల్లి తరుముట కొన్ని యిండ్లలో వాడుక. అది దానిని నిలువున మంటలో వేయుటయే. చేటతోనో చీపురుతోనో మెల్లగా త్రోలినచో వెడలిపోవును. కొళాయి నీరు మూకుడులో పోయదలచినచో ఒక దినము తెరచిన పాత్రలో నిలువ యుంచి పోయుట మంచిది.

చెమ్మ యున్న చోటికి పురుగు రాక మానదు. తడిసిన ఆకులు కుళ్లుచుండగా చీమలు, చిన్న పురుగులు చేరును. పేడయెరువు కలిపినచో వానపాములు పెరుగును. వేసవిలో పురుగు తగ్గినపుడు ఒక ఉపాయము కలదు. పాతకుండలో ఎండుపేడ, చొప్పముక్కలు నింపి, నీరు చిలికి, చెదలున్న నేలపై బోర్లించి, పైన గోనె కప్పుడు. కొలది దినములలో చెదలు కుండలోనికి ఎక్కును. ఆ కుండను సాయంకాలము తెచ్చి కప్ప మూలలో దులిపినచో కోడిపిల్లలకు పెట్టినట్లే కప్పలకు విందగును. అయితే ఇంటి దూలములకు, తలుపులకు దగ్గరగా ఈ పని చేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. వానకాలమున దీపము వెలిగించిన చాలును. తొలకరి మరునాటి సాయంత్రము ఉసిళ్లు దీపమును కమ్ముకొన్నపుడు విసుగుకొని దీపమార్పకుడు. పెరటి దీపమును అరగంటసేపు వెలుగనిండు. దాని క్రింద కప్పలు పంక్తి భోజనమునకు కూర్చుండును.

ఇదంతయు ఇంటి వేడుకగా మాత్రమే తలంపరాదు. అనంతపురపు సేద్యములో వేరుసెనగ ఎట్టి స్థానమున నున్నదో మీకు తెలియును. ఆ పంటకు పరమశత్రువులలో నొకటి ఎర్ర గొంగళిపురుగు. దాని జీవితచక్రము విచిత్రమైనది. ఎండకాలమంతయు అది కోశస్థ దశలో ఈ యెర్రనేలలోనే, గట్లక్రింద, చెట్లనీడన నిదురించును. తొలి పెద్దవాన పడగానే రెక్కల పురుగై రాత్రులయందు బయటికి వచ్చి గ్రుడ్లు పెట్టును. వాటినుండి పుట్టిన గొంగళ్లు దండుకట్టి చేనునుండి చేనునకు సాగుచు ఆకును మిగుల్చవు. అందుకే రైతులు తొలివాన రాత్రులలో పొలముగట్లపై మంటలు వేసి, దీపపు ఎరలు పెట్టి రెక్కల పురుగులను చంపుదురు.

ఇచ్చట ఒక చిత్రము గమనింపుడు. కప్పను నిదుర లేపు వానయే ఈ పురుగును గూడ నిదుర లేపును. ఒకే నేల పొరలలో శత్రువును, కాపరియు పక్క పక్కన నిదురించి, ఒకే చినుకునకు మేలుకొందురు. ఎదిగిన బొచ్చు గొంగళిని అనేక జీవులు ముట్టవు. కాని దీపమునకు వచ్చిన రెక్కల పురుగు కప్పకు మంచి కబళమే. కప్పలొక్కటే చేనును కాపాడునని మేము అతిశయోక్తి చెప్పము. మంటలును, దీపపు ఎరలును, లోతుదుక్కులును ఉండవలసినవే. కాని జీతము అడుగక రాత్రియెల్ల పురుగు నేరు కూలిని పోగొట్టుకొనుట ఏ రైతునకును లాభము కాదు.

ఈ పాఠమును మన దేశము ఒకమారు నేర్చుకొన్నది. గడచిన శతాబ్దమున కప్పకాళ్లను విదేశపు భోజనశాలలకు ఎగుమతి చేయు వ్యాపారము మన దేశమున పెద్దయెత్తున సాగినది. "కప్పల తక్కెడ" యని మనవారు సామెతగా అందురు. తక్కెడలో నిలువక ఎగురు కప్పలను తూచుట ఎవరి తరమని దాని భావము. ఆ వ్యాపారము కప్పలను టన్నులకొలది తూచినది. కప్పలు తరిగినచో పంటపురుగులు పెరుగునను ఆందోళన ప్రబలి, 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. తక్కెడ పోయినది, కాని విషము మిగిలినది. మందు తగిలి కొనయూపిరితో కొట్టుకొను పురుగు కప్ప కంటికి మిక్కిలి ఇంపుగా కనబడును; ఏలయన అది కదలుచుండును. దానిని మ్రింగిన కప్పకు పురుగుతోపాటు మందు గూడ కడుపులోనికి పోవును. కావున ఇంటిలో బొద్దింకల మందు చల్లిన దినమున పెరటి దీపము వెలిగింపకుడు. చచ్చిన, చావనున్న పురుగులను ఊడ్చి కప్ప మూలలో వేయకుడు. పొలమున మందు కలిపిన డబ్బాలను కుంటలో కడుగకుడు. కప్పకు కబళము పెట్టుటకంటె దాని కబళమున విషము వేయకుండుట పెద్ద ఉపకారము.

పెద్ద కప్పకు తిండి దొరికినంత మాత్రమున కథ ముగియదు, పిల్లలు బ్రతుకవలెను. గోదురుకప్ప నీటిలో పొడవైన జిగురు దారములవలె వేలకొలది గ్రుడ్లు పెట్టును. వాటినుండి వచ్చు తోకపిల్లలు పురుగులను తినవు. నీటిలోని పాచిని, కుళ్లిన ఆకును గీరి తినుచు, కాళ్లు మొలిచి, తోక కరగి గట్టెక్కుటకు సుమారు నెల దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. వానగుంట అంతవరకు ఎండిపోకుండ నిలిచినచో ఒక తరము బ్రతికినట్లు. మన సీమలో వానకును వానకును నడుమ పెద్ద ఎడముండుటచే, సగములోనే గుంట ఎండి లక్షల ప్రాణములు బురదలో మాడిపోవును. మీ యింటి ముందరి గుంటలో తోకపిల్లలు కనబడినచో, ఎండు దినములలో రెండు బిందెల వాడిన నీరు పోసి, పైన కొబ్బరిమట్టయో వేపమండయో కప్పుడు. ఆ గుంటలో దోమపిల్లలను తినునని చిన్న చేపలను వేయకుడు. అవి కప్పగ్రుడ్లను, తోకపిల్లలను గూడ తినివేయును. పొలములో ప్లాస్టికు పట్ట పరచిన పంటకుంట యున్నచో, నున్నని ఆ గోడను ఎక్కలేక కప్పలు మునిగి చచ్చును. గట్టునుండి నీటివరకు ఒక పాత గోనెపట్టయో, ముళ్లు లేని కొమ్మయో, మోకుత్రాడో వ్రేలాడదీసిన చాలును. అది కప్పకే గాక జారిపడిన ఉడుతకును నిచ్చెన యగును.

ఇక గృహిణులు తప్పక అడుగు ప్రశ్న: కప్ప యున్నచోటికి పాము రాదా? రావచ్చును. నాగుపాము ఎలుకలతోపాటు కప్పలను గూడ తినును. కావున ఈ మూలను పడుకొను గదికిని, వంటింటి గడపకును దూరముగా ఏర్పరచుడు. దాని ప్రక్క ఇటుకలు, కట్టెలు పేర్చకుడు. గింజలు చల్లి ఎలుకలను పిలువకుడు. పామును ఇంటికి రప్పించుటలో కప్పకంటె ఎలుకయే ముందు. చీకటిలో దీపము లేక అటు పోకుడు. పెంకు క్రింద చేయి పెట్టకుడు. ఎవరికైన పాము కరచినచో, మంత్రములకై కాలము గడుపక, కరచిన అవయవమును కదలనీక, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. పెరడు ఇరుకై, ఇంటిలో పసిపిల్లలు నేలపై పడుకొనువారైనచో ఈ పని ఇంట చేయక, పొలము గట్టున చేయుట మేలు.

రెండవ భయము పులిపిరులు. కప్పను ముట్టినచో పులిపిరులు వచ్చునన్నది వట్టి మాట. అవి మనుష్యుల నుండి మనుష్యులకు అంటు సూక్ష్మక్రిమి వలన వచ్చును. అయినను గోదురుకప్ప కన్నుల వెనుకగల రెండు ఉబ్బెత్తు గ్రంథులలో విషపు పాలు కలదు. పట్టి పీడించినపుడే అది స్రవించును. కుక్క కరచినచో నోట నురుగు గ్రక్కును. కావున పిల్లలు దానిని ముట్టరాదు. ముట్టినచో కన్ను నులుముకొనక చేతులు కడుగుకొనవలెను. దానిని ఎవరును తినరాదు. మన చేతి ఉప్పు చెమటయు దాని చర్మమునకు హాని. చూచుటకే తప్ప చేతబట్టుటకు తగిన నేస్తము కాదని పిల్లలకు చెప్పుడు. చూచుటకు మాత్రము అది తరగని వేడుక.

బంధింపక పెంచుట సాధ్యమా యను సందేహమునకు మన సీమయే జవాబు చెప్పుచున్నది. 2022లో అనంతపురము జిల్లానుండి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో, చిలమత్తూరు మండలమున వీరాపురమను గ్రామము కలదు. ఏటేట పెద్దపెద్ద కొంగలు వచ్చి ఆ యూరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుకొని పోవును. గ్రామస్థులు వాటిని పంజరమున పెట్టలేదు, కొట్టి తినలేదు. ఊరి ఆడపడుచులవలె చూచుకొనుచున్నారు. ఆ కొంగలకు చెరువులలోని చేపలును కప్పలును ఆహారము. చెరువున నీరున్నచో చేపకును కప్పకును బ్రతుకు. అవి యున్నచో కొంగకు బ్రతుకు. ఒకరికి పెట్టిన కబళము ఎన్ని నోళ్లకు పోవునో దీనివలన తెలియుచున్నది.

కరవు సీమవారికి దానమును గూర్చి మేము చెప్పనక్కరలేదు. ఉన్న ముద్దలో సగము అతిథికి పెట్టుట ఇచ్చటి వారికి పుట్టుకతో వచ్చిన గుణము. ఈ అతిథి ముద్దను గూడ అడుగదు. కాల్చక విడిచిన ఆకులు, పగిలిన కుండపెంకు, కూరగాయలు కడిగిన నీరు, విషము లేని ఒక మూల — దీనికి కావలసినవి ఇవియే. ఇవన్నియు మనము పారవేయునవి. ఈ సాయంకాలము పారబోయు నీటిని ఆ వేపచెట్టు క్రింద పోసి చూడుడు. మొదటి వారము ఏమియు కనబడకపోవచ్చును. తొలకరి పడిన రాత్రి దీపము పట్టుకొని, దూరముగ నిలిచి, చప్పుడు చేయక వినుడు. మీ పెరటిలో ఎవరు కాపురమునకు వచ్చినారో వారే పలుకుదురు.